బ్రేకు డిస్కుకి చిల్లులుంటే వేడి సమంగా పోతుందా?

రావులపాలెం_కారు: మారేడుమిల్లి ఘాట్ దిగొచ్చినప్పటి నుంచి, 80లో బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణుకుతోందండి. మెకానిక్ చూసి, వేడికి డిస్కు వంకరపోయింది, చిల్లుల డిస్కు వేయించెయ్యమన్నాడు. వేయించమంటారా?

కాకినాడ_రైడర్: వేయించండి. చిల్లుల్లోంచి వేడి పోతుంది, వానలో నీళ్లూ నిలవవు. బైకులకి ఉండట్లా?

లేత్_బాబాయ్: బైకు డిస్కు ఒంటి రేకు అబ్బాయ్. చాలా కార్లలో ముందు డిస్కంటే రెండు పళ్లేలు, మధ్యలో రెక్కలు. చక్రం తిరిగేకొద్దీ మధ్యలోంచి గాలి లాగి అంచు నుంచి విసురుతుంది. చల్లబరిచే పని ఎక్కువ ఆ రెక్కలదే. చిల్లులకి నీళ్ల సంగతి ఒప్పుకుంటా గానీ, ఘాట్ వేడికి పగుళ్లు మొదలయ్యేది ఆ చిల్లుల అంచుల్లోనే.

లెక్క చూడండి. 1,500 కిలోల బండి 100 మీటర్ల ఎత్తు దిగితే దాదాపు 15 లక్షల జౌళ్లు. చిన్న గేరుతో వేగం ఆపకుండా బ్రేకు మీదే వచ్చి, అందులో 10 లక్షలు ముందు డిస్కులు రెండూ (చెరో 5 కిలోలనుకోండి) మోస్తే, గాలికి పోయేది వదిలేసి, సుమారు 200 డిగ్రీలు ఎక్కుతుంది. ఆ వేడి రెండు పళ్లేలకీ సమంగా పంచాలి. చాలా బండ్లలో నడిమి టోపీ (డిస్కుని చక్రం ఇరుసుకి బిగించే భాగం) ఒక పళ్లేనికే అతుకుతుంది కాబట్టి, తేడా వస్తే డిస్కు గొడుగులా వాలుతుంది. పళ్లేల మందం, రెక్కల వంపు, టోపీ మెడ దగ్గర గాడి, ఇవన్నీ ఆ తేడా తగ్గించడానికే. అయినా చల్లారాక ఆ వాలు చాలావరకు సర్దుకుంటుంది. మీ వణుకు పోలేదంటే వేరే కథ. దిగాక ఎక్కడాపారు?

రావులపాలెం_కారు: కింద టీ కొట్టు దగ్గరండి. బ్రేకు తొక్కే ఉంచాను, ఏసీ కోసం ఇంజిన్ ఆపలేదు.

లేత్_బాబాయ్: ఆయ్, అదీ సంగతి! డిస్కుని నొక్కిపట్టే బ్రేకు ప్యాడు కింద చోటు చల్లారలేదు, మిగతాది చల్లారింది. కాలిన ప్యాడు పదార్థం అక్కడే అంటుకుంది. ఆత్రేయపురంలో పూతరేకుల కుండ ఒకవైపే కాలితే రేకు ఎలా వస్తుందో తెలుసుగా. డిస్కు మందంలో మిల్లీమీటరులో వందో వంతో, రెండు వందో వంతులో తేడా చాలు వణకడానికి. పైగా ఎత్తున్న మచ్చే ఎక్కువ రాసుకుని ఇంకా కాలుతుంది. మచ్చ గట్టిపడకపోతే లేత్ మీద సన్నగా స్కిమ్ చేస్తే, అంటే పైపొర చెక్కితే, పోతుంది.

అంతర్వేది_గాలి: స్కిమ్ తర్వాత బాబాయ్ గారూ, ముందు డిస్కు కూర్చునే హబ్బు చూడండి. మా సముద్రపు గాలికి హబ్బు మీద తుప్పు పొర కడుతుంది. దాని మీద కొత్త డిస్కు బిగించినా వంకరగానే కూర్చుంటుంది. తుప్పు గీకించి, వంకర కొలిచే డయల్ గేజి పెట్టించాకే ఖర్చు.

కాకినాడ_రైడర్: సరే, చిల్లులొద్దు. పైన గాడులున్న డిస్కో?

లేత్_బాబాయ్: దానికి అంత అడ్డు చెప్పను. ప్యాడు మాత్రం తొందరగా అరుగుతుంది, ఆ డబ్బులు నువ్విస్తావా?