సత్య కమిషన్, క్షమాభిక్ష, లొంగుబాటు: మూడూ ఒకటేనా?

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ):
2025 అక్టోబరులో గడ్చిరోలిలో మావోయిస్టు నేత మల్లోజుల వేణుగోపాల్ రావు దాదాపు 60 మందితో లొంగిపోయినప్పటి నుంచి సిరొంచ, అహేరి వైపు ఒకటే చర్చ. "దక్షిణాఫ్రికాల అందర్ని మాఫీ చేసి దేశాన్ని కలిపిండ్రు, ఇక్కడ కూడా అట్లనే చెయ్యాలె" అని కొందరు. ఇన్‌ఫార్మర్లని మావోయిస్టుల చేతుల్ల సచ్చినోళ్ల ఇంటివాళ్ల సంగతేంది అని ఇంకొందరు. ఎన్‌కౌంటర్లల్ల పోయినోళ్ల ఇండ్లూ ఉన్నయి కదా. అసలు అక్కడ ఏం జరిగింది? మన చట్టంల అట్లాంటిది ఉందా?

చందా వకీలు:
అందరినీ మాఫీ చేశారన్నది వట్టి మాట. వర్ణవివక్ష పాలన నాటి దారుణాల నిజం తేల్చడానికి 1995 చట్టం కింద ఆర్చిబిషప్ డెస్మండ్ టుటు అధ్యక్షతన వేసిన సత్య కమిషన్ అది. క్షమాభిక్ష కావాలంటే ఎవరికి వారు, ఏ నేరానికి ఆ నేరం దరఖాస్తు పెట్టుకోవాలి. అది 1960 మార్చి 1కి, 1994 మే 10కి మధ్య రాజకీయ ఉద్దేశంతో చేసినదై ఉండాలి. తెలిసిందంతా కక్కాలి. పశ్చాత్తాపపడాలన్న షరతు మాత్రం లేనే లేదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. 7,112 దరఖాస్తులొస్తే అయిదు వేల పైచిలుకు కొట్టేశారు.

వర్ణవివక్ష మీద పోరాడిన నల్లజాతి నేత స్టీవ్ బికో కేసు చూడండి. 1977లో పోలీసు కస్టడీలో తలకు తగిలిన దెబ్బలతో చనిపోయాడు. క్షమాభిక్ష అడిగిన పోలీసులు పెనుగులాటలో తల గోడకు తగిలిందన్నారు. అనుకోకుండా జరిగితే ఇక రాజకీయ ఉద్దేశం ఎక్కడిది? నిజమూ పూర్తిగా చెప్పలేదు. 1999లో తిరస్కరించారు. మంజూరైతే మాత్రం క్రిమినల్ కేసుతో పాటు బాధితులకు నష్టపరిహారం దావా వేసే హక్కు కూడా పోతుంది. బికో కుటుంబం దాన్ని సవాలు చేసింది కానీ 1996లో రాజ్యాంగ న్యాయస్థానం చట్టాన్నే నిలబెట్టింది.

రాయగడ మాస్టారు:
నిజం చెప్తే క్షమాభిక్ష అన్న ఆ బేరానికి రెండో సగం ఉంది, బండి ఆగింది అక్కడే. నిజం చెప్పనివాళ్ల మీద కేసు నడవాలి. కమిషన్ సుమారు 300 కేసులు ప్రాసిక్యూషన్‌కు అప్పగిస్తే కోర్టు మెట్లెక్కినవి గుప్పెడే. బికో కేసునే 2003లో సాక్ష్యం చాలదని వదిలేశారు. 1971లో వర్ణవివక్ష వ్యతిరేక కార్యకర్త అహ్మద్ తిమోల్ జొహానెస్‌బర్గ్ పోలీసు భవనం పదో అంతస్తు నుంచి పడి చనిపోతే ఆత్మహత్య అని రాసుకున్నారు. హత్య అని తేలింది 2017లో! 2018లో కేసు పెట్టిన మాజీ పోలీసు తీర్పు రాకముందే 2021లో పోయాడు. ఈ కేసులు ఎవరు తొక్కిపెట్టారో తేల్చడానికి 2025లో దక్షిణాఫ్రికా అధ్యక్షుడు రామఫోసా మరో విచారణ కమిషన్ వేయాల్సి వచ్చింది. పరిహారమూ అంతే: ఆరేళ్లపాటు ఏటా ఇమ్మంటే, 2003లో ఒక్కసారి 30,000 ర్యాండ్లిచ్చి చేతులు దులుపుకున్నారు.

అర్జెంటీనా దారి వేరు. సైనిక పాలనలో మాయమైనవాళ్ల సంగతి తేల్చడానికి 1983లో వేసిన కమిషన్‌కు క్షమించే అధికారమే లేదు. అది పోగేసిన వాంగ్మూలాలు 1985లో సైనిక పాలకుల విచారణకు పనికొచ్చాయి. 1986, 87లలో కేసులు ఆపే చట్టాలు తెచ్చినా, 2005లో సుప్రీంకోర్టు వాటిని కొట్టేశాక పాత కాగితాలతోనే మళ్లీ కేసులు నడిచాయి. నన్నడిగితే కమిషన్ పెట్టినా పెట్టకపోయినా ముందు వాంగ్మూలాలు భద్రంగా ఉండాలి.

ప్రాణహిత ఒడ్డు:
సరే మాస్టారూ. మరి మన దగ్గరి లొంగుబాటు?

చందా వకీలు:
అది పునరావాసం, క్షమాభిక్ష కాదు. ఘోర నేరాల కేసులు కోర్టులో నడవొచ్చు. ప్రభుత్వం కేసు ఎత్తేయాలనుకున్నా బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 360వ సెక్షన్ కింద పబ్లిక్ ప్రాసిక్యూటరే అడగాలి, కోర్టు ఒప్పుకోవాలి. దక్షిణాఫ్రికా పద్ధతికి మన దగ్గర దగ్గరి చుట్టం 343వ సెక్షన్, అంటే అప్రూవర్ (నేరంలో ఉండి సాక్షిగా మారినవాడు). తెలిసిందంతా దాచకుండా చెప్తానంటే క్షమాభిక్ష, దాస్తే 345 కింద మళ్లీ విచారణ. కాకపోతే అది ఆ ఒక్క కేసు మట్టుకే. బాధితుడి ఇంటివాళ్లు ఎదురుగా కూచుని "మావాణ్ని ఎక్కడ పూడ్చారు" అని అడిగే వేదిక లొంగుబాటులో లేదు. నా మటుకు అసలు లోటు అదే.

ఎన్‌కౌంటర్లకు 2014లో పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన పీయూసీఎల్ వర్సెస్ మహారాష్ట్ర తీర్పు ఉంది. ఎఫ్ఐఆర్ తప్పనిసరి, దర్యాప్తు సీఐడీ గానీ వేరే స్టేషన్ బృందం గానీ చేయాలి, మేజిస్ట్రేట్ విచారణ జరగాలి. జరగలేదనిపిస్తే ఇంటివాళ్లు సెషన్స్ జడ్జికి ఫిర్యాదు చేసుకోవచ్చు.

ప్రాణహిత ఒడ్డు:
చంపిందెవరో తెలియకపోతే పరిహారం రాదా అన్నా?

చందా వకీలు:
వస్తుంది తమ్మీ. బీఎన్ఎస్ఎస్ 396వ సెక్షన్ కింద నిందితుడు దొరకకపోయినా, విచారణే జరగకపోయినా జిల్లా న్యాయ సేవల సంస్థకు దరఖాస్తు పెట్టొచ్చు. ఆ దరఖాస్తు మీద విచారణ రెండు నెలల్లో ముగించాలని చట్టమే చెప్తుంది. నక్సల్ హింసలో పోయిన పౌరుల కుటుంబానికి కేంద్ర పథకం కింద 5 లక్షలు వేరే, దానికి కలెక్టరేట్‌కు పోవాలి. ఫైలు వెనక్కొచ్చేది పేరు దగ్గర. మనోళ్ల ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, మరాఠీ ఎఫ్ఐఆర్‌లో తండ్రి పేరు కలిపి చివర రాస్తారు, మరణ ధ్రువపత్రంలో ఇంకోలా ఉంటుంది. మూడు పేర్లూ ఒక్కరివేనని అఫిడవిట్ రాయించి మొదటిసారే జతచేయండి.