పాత గ్యారేజీ చెక్క తలుపులు: మరమ్మతు చేయాలా, తీసేసి కొత్తవి పెట్టాలా?

గుమ్మం (ప్రశ్న వేసినవారు):

మా పాత గ్యారేజీని సొంతంగా బాగుచేసుకుంటున్నాను. కప్పు, గోడల సంగతి ఒక దారికి వచ్చింది కానీ తలుపుల దగ్గర పని ఆగిపోయింది. రెండు రెక్కల చెక్క తలుపు అది. ఒక్కో రెక్క 2.1 మీటర్ల ఎత్తు, 1.2 మీటర్ల వెడల్పు ఉంటుంది. నిలువు పలకలకు వెనుక మూడు అడ్డపట్టీలు, వాటి మధ్య ఏటవాలు పట్టీలు ఉన్నాయి. ఎడమ రెక్క ఇప్పటికీ వేలితో తోస్తే కదులుతుంది. కుడి రెక్క మాత్రం వాలిపోయి నేలను గీస్తోంది, దాన్ని ఎత్తి పట్టుకుంటే గానీ గడియ పడదు. పలకల అడుగు భాగం మెత్తబడింది, పెయింటు పొరలు పొరలుగా లేస్తోంది. ఇంట్లోవాళ్లు మొత్తం తీసేసి ఇనుప షట్టర్ పెట్టించమంటున్నారు. నా దగ్గర రంపం, ఉలి, చిత్రిక, డ్రిల్ ఉన్నాయి, సెలవు రోజుల్లో సమయమూ ఉంది. ఈ తలుపుల మీద శ్రమ పెట్టడం సబబేనా?

తాళంచెవి:

నా అభిప్రాయం సూటిగా చెబుతాను, తీసేయండి. అడుగు భాగం మెత్తబడిందంటే కంటికి కనిపించేది కొంతే, లోపల పాడైనది అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఇలాంటి తలుపును నేనూ ఒకసారి బాగుచేశాను. పుచ్చు పట్టిన చోటల్లా గీకి, గట్టిపడే పూత పోసి, పుట్టీ నింపి, నున్నగా రుద్ది, రెండు పూతలు పెయింటు వేశాను. రెండో వర్షాకాలానికి పుట్టీ ముద్దలు ముద్దలుగా ఊడి వచ్చింది. దాని వెనుక చెక్క ముందుకంటే అధ్వాన్నంగా ఉంది. బయటికి తెరుచుకునే రెక్కలకు ముందు ఖాళీ స్థలం కావాలి, గాలికి కొట్టుకోకుండా కొక్కేలు కావాలి, కొన్నేళ్లకొకసారి పెయింటు కావాలి. షట్టరుకు ఇవేవీ అక్కర్లేదు. మీ సెలవు రోజులు ఎంత విలువైనవో కూడా లెక్కలోకి తీసుకోండి.

చిత్రిక:

తాళంచెవి గారి అనుభవాన్ని నేను కాదనను, కానీ ఆ అనుభవం పుట్టీ గురించి చెబుతోందే తప్ప తలుపు గురించి కాదు. తడి చెక్క మీద పుట్టీ నింపి పైన పెయింటుతో మూసేస్తే లోపలి నీరు బయటికి పోయే దారి ఉండదు, పైగా చెక్క తేమకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంటే పుట్టీ ఉన్నచోటే బిగుసుకుని ఉంటుంది కాబట్టి, రెండింటి మధ్య వెంట్రుకంత సందు ఏర్పడి, ఆ సందులోంచి మళ్లీ నీరు దిగుతుంది. చెక్క పాతబడినందువల్ల పుచ్చదు, తడిగా ఉండిపోయినందువల్ల పుచ్చుతుంది. చెక్క బరువులో తేమ 20 శాతానికి లోపు ఉన్నంతకాలం పుచ్చును కలిగించే శిలీంధ్రం ఎదగలేదు. అందుకే ఒకే తలుపులో, ఒకే మాను నుంచి కోసిన ఒకే పలకలో, పైభాగం గంట కొట్టినట్టు మోగుతుంటే అడుగు జానెడు అటుకుల్లా రాలుతుంది.

అడుగే ఎందుకంటే, పలక అడుగున కనిపించేది చెక్క పోగుల కోత ముఖం. చెట్టు నీటిని పైకి తీసుకెళ్లిన గొట్టాల నోళ్లు అక్కడ తెరుచుకుని ఉంటాయి. పలక పక్కలు పీల్చే నీటికంటే ఆ కోత ముఖం పీల్చేది ఎన్నో రెట్లు ఎక్కువ. తలుపు బిగించాక ఆ అంచు కిందికి కుంచె పట్టదు కాబట్టి, పెయింటు వేసినవాళ్లు దాదాపు ఎప్పుడూ ఆ ఒక్క చోటునే వదిలేస్తారు. వాన చినుకు నేల మీద పడి ఎగిరి తగిలేది కూడా సరిగ్గా అక్కడే.

కాబట్టి నిర్ణయానికి ముందు ఒక పరీక్ష చేయండి. సూది మొన ఉన్న ఆరను పలకలోకి ఏటవాలుగా గుచ్చి, పైకి మీటండి. మంచి చెక్క అయితే పొడవాటి పీచు చిటపటమంటూ లేస్తుంది, దాని ఒక కొస పలకనే అంటిపెట్టుకుని ఉంటుంది. పుచ్చినదైతే చప్పుడు లేకుండా, గుచ్చిన చోటే పొట్టిగా అడ్డంగా విరిగి ముక్క చేతిలోకి వస్తుంది. అడుగు నుంచి రెండేసి అంగుళాలు పైకి జరుగుతూ ఇదే చేసి, పీచు లేచిన మొదటి చోట సుద్దతో గీత గీయండి. మీ తలుపు ఎంత పోయిందో ఆ గీత చెబుతుంది. గీత కింది అడ్డపట్టీ పైఅంచు దాటకపోతే నిస్సందేహంగా మరమ్మతే చేయాలి. మధ్య పట్టీ దాకా వస్తే నేనూ తాళంచెవి గారి పక్షానికి వస్తాను.

తాళంచెవి:

పరీక్ష బాగుంది, ఒప్పుకుంటాను. అయితే ఇంటి పనులు సొంతంగా చేసుకునే మనలాంటివాళ్లు మరచిపోయేవి రెండున్నాయి. ఒకటి బరువు. ఆ కొలతల రెక్క పట్టీలతో కలిపి సగటున 40 మిల్లీమీటర్ల మందం ఉంటుందనుకుంటే, చెక్క రకాన్ని బట్టి 60 నుంచి 70 కిలోల దాకా తూగుతుంది. ఒక్కరే బందులు విప్పితే కాలి మీదో, వేళ్ల మీదో పడుతుంది. ఇద్దరు మనుషులు, కింద చెక్క దిమ్మలు, విప్పేటప్పుడు ముందు కింది బందు, చివర పై బందు. రెండోది పెయింటు. అన్ని పొరలున్న పాత పెయింటులో సీసం ఉండే అవకాశం బలంగా ఉంది. పొడిగా గరుకు కాగితంతో రుద్దితే లేచే దుమ్ము పిల్లలకు చాలా హాని చేస్తుంది, మంటతో కాల్చితే ఇంకా చెడ్డది. నీళ్లు చల్లి తడిగా గీకాలి, కింద పట్టా పరవాలి, ముక్కుకు మామూలు గుడ్డ కాకుండా సన్నని దుమ్మును ఆపే మాస్కు వాడాలి, ఆ బట్టలను వేరుగా ఉతకాలి. ఇంత తతంగానికి సిద్ధపడితేనే మరమ్మతు మాట ఎత్తాలి.

చిత్రిక:

ఈ రెండు మాటలకూ పూర్తిగా కట్టుబడతాను. ఒకటి కలుపుతాను. తలుపులకు అవిసె నూనె పట్టించాలనుకుంటే, నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేయకండి. ఆ నూనె గాలితో కలిసి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డలు వాటంతటవే అంటుకుంటాయి. విప్పి ఆరుబయట పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లలో ముంచి ఉంచాలి.

రసమట్టం:

మీరిద్దరూ రెక్క గురించే మాట్లాడుతున్నారు. నా దృష్టిలో అసలు సమస్య దాన్ని మోసేదానిలో ఉంది. గుమ్మం గారి రెక్క 65 కిలోలు ఉంటే, దాని బరువు బందుల నుంచి 60 సెంటీమీటర్ల దూరంలో వేలాడుతున్నట్టు లెక్క. రెండు బందుల మధ్య 1.6 మీటర్ల ఎడం ఉందనుకుంటే, తలుపు మూసి ఉన్నా తెరిచి ఉన్నా, పగలూ రాత్రీ, పై బందు సుమారు 24 కిలోల బలంతో పక్కకు లాగబడుతూనే ఉంటుంది. నిలువు కమ్మి (బందులు బిగించే ద్వారబంధపు నిలువు చెక్క) అడుగు పుచ్చి ఉంటే, లేక పై బందు స్క్రూలు పట్టు వదిలి ఉంటే, రెక్కను ఎంత అందంగా బాగుచేసినా మళ్లీ వాలుతుంది. కొత్త షట్టరు పట్టాలైనా చివరికి ఆ గోడకూ ఆ కమ్మికే కదా బిగించేది! ముందు గుండు వేలాడదీసి కమ్మి నిలువు చూడండి. తర్వాత వాన కురిసేటప్పుడు అక్కడ నిలబడి నీరు ఎటు పోతోందో చూడండి. బయటి నేల గ్యారేజీ వైపు వాలి ఉంటే ముందు దాన్ని సరిచేయాలి.

అన్నట్టు, కప్పు మీద పాత సిమెంటు రేకులుంటే వాటిలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. పరీక్ష చేయించకుండా వాటికి రంధ్రం వేయవద్దు, కోయవద్దు, బ్రష్షుతో తోమవద్దు.

గుమ్మం:

మీరు చెప్పినవన్నీ చేసి వచ్చాను. సుద్ద గీత కుడి రెక్కలో అడుగు నుంచి 17 సెంటీమీటర్ల దగ్గర పడింది, అంటే కింది అడ్డపట్టీ మధ్యలోనే. ఎడమ రెక్కలో 6 సెంటీమీటర్లు దాటలేదు. కుడి కమ్మి అడుగు జానెడు మేర పోయింది, మిగతాది నిలువుగా, గట్టిగా ఉంది. నీరు నిజంగానే బయటి నుంచి లోపలికి వస్తోంది.

మూలలు కూడా కొలిచాను. కుడి రెక్కలో పై బందు మూల నుంచి కింద గడియ వైపు మూలకు 244 సెంటీమీటర్లు, కింది బందు మూల నుంచి పైన గడియ వైపు మూలకు 240 వచ్చాయి. ఏటవాలు పట్టీలు పైన బందు వైపు మొదలై కింద గడియ వైపు దిగుతున్నాయి. పై పట్టీ తల అడ్డపట్టీ గాడిలోంచి జారి, చిటికెన వేలు పట్టేంత సందు తెరుచుకుంది. ఆ సందులో మేకులు వంగి కనిపిస్తున్నాయి. ఎడమ రెక్క పట్టీలు మాత్రం కింద బందు వైపు మొదలై పైన గడియ వైపు లేస్తున్నాయి.

చిత్రిక:

కుడి రెక్క ఎందుకు వాలిందో మీరు కనిపెట్టేశారు. మూలల మధ్య 4 సెంటీమీటర్ల తేడా అంటే, గడియ వైపు అంచు సుమారు 2.3 సెంటీమీటర్లు కిందికి దిగినట్టు. చెక్క పట్టీ నెట్టుడును అద్భుతంగా మోస్తుంది, లాగుడును మోయాలంటే దాని కొసల్లోని మేకుల మీదే ఆధారపడాలి. పట్టీ కింద బందు వైపు పాదం మోపి పైన గడియ వైపుకు లేస్తే, రెక్క బరువు దాన్ని రెండు కొసల నుంచి నొక్కుతుంది, నొక్కేకొద్దీ అది గాడిలో ఇంకా బిగుస్తుంది. మీ ఎడమ రెక్క అలాగే నిలబడింది. కుడి రెక్కకు ఎప్పుడో ఎవరో పట్టీలను తిరగేసి కొట్టారు, పాపం ఆ మేకులు ఇన్నాళ్లూ శక్తికొద్దీ పట్టుకుని ఉన్నాయి.

రెక్కను విప్పి చదును నేల మీద పడుకోబెట్టండి. పొడవైన మూలల మధ్య తాడు వేసి కర్రతో మెలితిప్పుతూ, రెండు కొలతలూ సమానమయ్యేదాకా లాగండి. తర్వాత పలకలను సుద్ద గీతకు కాస్త పైన, మంచి చెక్కలో, కోత బయటి ముఖం వైపు కిందికి వాలేలా కోయండి. అలా కోస్తే అతుకు మీద పడిన నీరు లోపలికి పోకుండా బయటికి జారుతుంది. అతుకు వెనుక కొత్త కింది అడ్డపట్టీ ఉండేలా చూసుకుంటే పాత పలకకూ కొత్త ముక్కకూ అదే ఆసరా. పలకలను ఒకదానికొకటి జిగురుతో అంటించవద్దు. చెక్క పొడవునా దాదాపు కదలదు కానీ అడ్డంగా కదులుతుంది, 10 సెంటీమీటర్ల పలక తడి పొడి కాలాల మధ్య 1 నుంచి 2 మిల్లీమీటర్లు మారుతుంది, ఆ చోటు దానికి వదలాలి. చివరగా కొత్త ఏటవాలు పట్టీని సుత్తితో తడితే తప్ప గాడిలోకి దిగనంత బిగువుగా కోసి, సరైన దిశలో దించండి. రెక్కను నిలబెట్టకముందే అడుగు కోత ముఖాలకు ప్రైమర్ తాగినంత తాగించండి, అక్కడ మూడు పూతలైనా తప్పులేదు.

రసమట్టం:

కమ్మి అడుగును కోసి కొత్త చెక్క అతకండి కానీ, అది నేలను తాకకూడదు. ఇనుప పాదం బిగించి చెక్కను నేలకు 3 నుంచి 5 సెంటీమీటర్ల పైన నిలపండి. పై బందుకు స్క్రూలు వద్దు, కమ్మి ఆరపార బోల్టు వేసి వెనుక వాషరుతో బిగించండి. తలుపు అడుగున 1 సెంటీమీటరు ఖాళీ ఉంచండి. బయట నీటిని మళ్లించే కాలువ తలుపు పని కంటే ముందే పూర్తి కావాలి.

తాళంచెవి:

గీత 17 సెంటీమీటర్ల దగ్గరే ఆగింది కాబట్టి నా మొదటి సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. కాలువ తవ్వకుండా తలుపు మాత్రమే బాగుచేస్తే మాత్రం నాకు జరిగిందే జరుగుతుంది, ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను. ఇంకొకటి, రోజూ నాలుగైదుసార్లు కారు తీసి పెట్టేవారికీ, తలుపు ముందు మీటరున్నర స్థలం లేనివారికీ నేను షట్టరే చెబుతాను. గుమ్మం గారు ఆ రెండింటిలో ఏదైనా అవుతారా?

గుమ్మం:

లేదండీ. కారు వారానికి రెండుసార్లే కదులుతుంది, ముందు స్థలం బాగానే ఉంది. ఈ వారం కాలువ తవ్వుతాను. రెక్కను దించడానికి మా అన్నయ్య వస్తానన్నాడు. ముందు కింది బందు, చివర పై బందు అని గోడ మీద సుద్దతో రాసిపెట్టాను.