ప్లూటో కదలికను మా మేడ మీద నుంచి ఫొటో తీయవచ్చా?

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ప్లూటోను 2006లో మరుగుజ్జు గ్రహాల వరుసలోకి మార్చినా, 2015 జూలైలో న్యూ హొరైజన్స్ అంతరిక్ష నౌక దాని మీది హృదయాకారపు నత్రజని మంచు మైదానాన్ని చూపినప్పటి నుంచి నాకు దానిపై మక్కువ పెరుగుతూనే ఉంది. 1930లో అమెరికా ఖగోళ పరిశీలకుడు క్లైడ్ టాంబా, జనవరి 23, 29 తేదీలలో తీసిన రెండు ఫొటో పలకలను మార్చి మార్చి చూస్తూ, వేల చుక్కల మధ్య చోటు మారిన ఒక్క చుక్కను పట్టుకున్నారు; అదే ప్లూటో. ఆ చిత్రాలను అచ్చు వేయించి మా అమ్మాయికి ఇస్తే, ప్లూటోను చూపే బాణం గుర్తులను వేలితో మూసి, తానే చాలాసేపు వెదికి, "మనమూ తీద్దాం నాన్నా" అన్నది.

మా వద్ద 8 అంగుళాల టెలిస్కోపు, నక్షత్రాల వెంట తిరిగే మోటారు పీఠం, మామూలు డీఎస్ఎల్ఆర్ కెమెరా ఉన్నాయి. ప్లూటో ప్రకాశ పరిమాణం (అంకె పెరిగేకొద్దీ వెలుగు తక్కువ) సుమారు 14.4 కనుక టెలిస్కోపులోనైనా కంటితో చూడగలమన్న ఆశ లేదు. అది సూర్యునికి ఎదురుగా వచ్చే జూలై చివర ఇక్కడ ముసురు; ఆకాశం తేటపడే అక్టోబరు మధ్యలోనేమో వక్రగతి (నక్షత్రాల మధ్య వెనక్కి జరుగుతున్నట్లు కనిపించడం) ముగిసి, దాదాపు నిలిచిపోయినట్లుంటుంది. కాబట్టి నవంబరులో, చీకటి పడగానే, నైరుతి దిక్కున మకర రాశిలో వెదకడం మేలని నా అంచనా.

ఇది సరైనదేనా? ఒక్కొక్క ఫొటోకు ఎన్ని సెకన్లు ఇవ్వాలి, ఎన్నింటిని కలపాలి, రెండు రాత్రుల మధ్య ఎన్ని రోజుల ఎడం ఉండాలి? ఈ పని స్వయంగా చేసినవారు దయచేసి చెప్పగలరు.