అమ్మ చేతి తిమ్మిరి: మణికట్టులో అదనపు ధమని ఉందంటున్నారు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి అడుగుతున్నాను. అమ్మకు 52 ఏళ్లు, ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తుంది. 4 నెలలుగా కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతున్నాయి. అర్ధరాత్రి లేచి చేయి విదిలించుకుంటూ కూర్చుంటుంది. నరాల పరీక్షలో మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందని వచ్చింది. స్కానింగ్‌లో పక్కనే అదనపు ధమని కనిపించిందట. ఆపరేషన్ అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: కంగారు పడకండమ్మా. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ చేతికి రక్తం అందించే ధమని అది. మామూలుగా పుట్టేలోపే కుంచించుకుపోతుంది, కొందరిలో అలాగే ఉండిపోతుంది. ఉన్నంత మాత్రాన జబ్బు కాదు. కానీ మణికట్టులో ఆ నరం వెళ్లే సొరంగంలాంటి దారి ఇరుకు. ఆ ధమని లావుగా ఉన్నా, ఉబ్బినా, లోపల రక్తం గడ్డకట్టినా పక్కనున్న నరం నలుగుతుంది. నరాల పరీక్ష ఎక్కడ నొక్కుకుందో చెబుతుంది, ఏది నొక్కుతోందో చెప్పదు. అందుకే డాప్లర్‌లో (రక్తం పారడాన్ని చూపే స్కానింగ్) ఆ ధమనిలో రక్తం పారుతోందో లేదో చూపించుకోండి. ఈ ధమని ఉన్నవాళ్లలో నరం కూడా రెండు పాయలుగా ఉండొచ్చు. కోత పెట్టేముందే సర్జన్‌కు ఆ సంగతి తెలియాలి.

మరో జవాబు: మా నాన్నకు తిమ్మిరి చిటికెనవేలి వైపు. బాలానగర్‌లో ఫిట్టర్, ముప్పై ఏళ్లు బిగుసుకున్న పార్టులను అరచేతి మడమతో కొట్టి కూర్చోబెట్టేవారు. మొదట చూపించిన చోట మెడ ఎక్స్‌రే తీసి, బి-కాంప్లెక్స్ రాసి పంపేశారు. ఓ రోజు నేనే ఆ చోట వేలు పెట్టి చూస్తే, చిన్న గోళీలాంటిది టకటకా కొట్టుకుంటోంది! ధమని ఉబ్బి నరాన్ని నొక్కుతోందని డాప్లర్‌లో తేలింది. తిమ్మిరి ఉన్నచోట ఒక్కసారి తడిమి చూడమని అందరికీ చెబుతున్నాను.

మొదటి జవాబు ఇచ్చినవారు: చాలాసార్లు సొరంగం పైకప్పులా ఉండే గట్టి పట్టీని కోసి నరానికి చోటిస్తే చాలు, ధమనిని ముట్టుకోరు. గడ్డకట్టి తీసేయాల్సి వస్తే మాత్రం, మిగతా రెండు ధమనులు చేతికి సరిపోతాయో లేదో ముందు చూస్తారు. గుప్పిట బిగించమని, ఆ రెండూ నొక్కిపెట్టి, ఒకటి వదిలి అరచేతికి రంగు తిరిగొస్తుందో లేదో చూసే పరీక్ష అది. చేశారా అని అడగండి. పంజాగుట్ట నిమ్స్‌లో రక్తనాళాల సర్జరీ విభాగం ఉంది, రెండో అభిప్రాయం తీసుకోవచ్చు. వేళ్లు ఉన్నట్టుండి తెల్లబడినా, చల్లబడినా, నొప్పి భరించలేకపోయినా అప్పటికప్పుడు ఎమర్జెన్సీకి వెళ్లండి.

అడిగినవారు: రంగు మారలేదండి. కానీ ఆరి సూది చేతిలోంచి జారిపోతోంది అంటోంది.

జవాబు: అయితే ఈ వారంలోనే చూపించండి. రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టించి, బొటనవేలి కింద కండ కుడివైపు పలచబడిందేమో చూడండి. పలచబడి ఉంటే ఆ మాట డాక్టర్‌కు ముందుగా చెప్పండి.