తీరపు ఇసుక దిబ్బల మీద ఆరు బండ్ల ప్రయాణం: గాలి ఎంత ఉంచాలి, వరుస ఎలా, దిగబడితే ఏం చేయాలి?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. వచ్చే నెలలో మేము ఆరు బండ్లతో సముద్రతీరపు ఇసుక దిబ్బల మీదుగా ఒక పగలంతా సాగే ప్రయాణం పెట్టుకున్నాము. అనుమతి తీసుకున్నాము, దారి కూడా మ్యాపులో గుర్తించుకున్నాము. నాలుగు బండ్లకు లో రేంజ్ (నిదానంగా, ఎక్కువ బలంతో లాగే అదనపు గేర్లు) ఉంది. మిగతా రెండు ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లే అయినా వాటికి లో రేంజ్ లేదు. నాతో సహా ముగ్గురం ఇంతవరకు ఇసుకలో నడపలేదు, మట్టిదారులు మాత్రం బాగా అలవాటే. టైర్లలో గాలి తగ్గించాలని అందరూ చెబుతున్నారు గానీ, ఎంతకు తగ్గించాలన్నదానికి ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతున్నారు. బండ్లు ఏ వరుసలో నడవాలి, ఎవరిదైనా దిగబడితే మొదట ఏం చేయాలి, నీటి అంచు వెంబడి నడిపే భాగానికి ఏ వేళ అనువైనది అన్నవి కూడా అనుభవమున్నవారు వివరించగలరని మనవి.

సమాధానం

గాలి సంగతి ముందు తేల్చుకోండి. ఇసుకలో నడిపే నేర్పంతా దాని తరువాతిదే. రోడ్డు మీద ఉంచే 32 నుంచి 36 పీఎస్‌ఐ గాలితోనే ఇసుకలోకి వెళితే టైరు ఇసుకను కోసుకుంటూ లోపలికి దిగుతుంది. దాన్ని 15 నుంచి 18 పీఎస్‌ఐకి తగ్గిస్తే, టైరు నేలను తాకే అచ్చు బాగా సాగి బండి బరువు ఎక్కువ ఇసుక మీద పరుచుకుంటుంది. గాలి తగ్గితే టైరు వెడల్పవుతుందని చాలామంది అనుకుంటారు, కానీ ఆ అచ్చు పెరిగేది ముఖ్యంగా పొడవులోనే. మీకు ఒక్కొక్కరు ఒక్కో అంకె చెప్పడానికి కారణం, బండి బరువు, టైరు పక్కగోడ ఎత్తు, ఇసుక మెత్తదనం ఏ ఇద్దరికీ ఒకేలా ఉండకపోవడమే. కనుక మీరు 18తో మొదలుపెట్టి, బండి ఈడ్చినట్టు కదులుతూ ఇంజను మూలుగుతోందనిపిస్తే రెండేసి పీఎస్‌ఐ చొప్పున తగ్గించుకోండి. రోడ్డు మీద దూరం వచ్చిన టైరు వేడికి గాలి కాస్త ఎక్కువ చూపిస్తుందని, చల్లారాక ఆ అంకె ఇంకా పడిపోతుందని గుర్తుంచుకోండి. 12 అన్నది దిగబడిన బండిని బయటికి తీయడానికి వాడుకునే అంకె. 10 కంటే కిందికి వెళితే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడివచ్చే ప్రమాదం ఉంది. గాలి తగ్గించాక వేగం కూడా తగ్గాలి, స్టీరింగును ఒక్కసారిగా తిప్పడం పూర్తిగా మానాలి.

ఇక నడపడం గురించి నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే: బండి ముందుకు కదలడం ఆగిపోయిన క్షణంలోనే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేయండి. మట్టిలో చక్రం కొంత జారినా కింద గట్టి నేల తగిలి పట్టు దొరకవచ్చు. ఇసుకలో అలాంటి ఆశ లేదు, తిరిగే చక్రం తన గుంతను తానే తవ్వుకుంటుంది. వెంటనే కాలు తీస్తే పది సార్లలో తొమ్మిది సార్లు వచ్చిన జాడల్లోనే రివర్సులో వెనక్కి రాగలుగుతారు. ఈ మాట అందరికీ తెలిసినదే, అయినా గుంపులో వెళ్లినప్పుడు దాన్ని పాటించేవారు తక్కువ, ఎందుకంటే వెనుక అయిదు బండ్ల వాళ్లు చూస్తూ ఉంటే వెనక్కి తగ్గడానికి మనసు ఒప్పదు.

నేను ఇసుకలో నడపడం మొదలుపెట్టిన కొత్తలో సరిగ్గా ఈ తప్పే చేశాను. ఒక దిబ్బ నడుమ బండి ఆగిపోతోందని తెలిసి కూడా, మిగతావాళ్లు పైనుంచి చూస్తున్నారన్న ఆలోచనతో మరో నాలుగైదు క్షణాలు యాక్సిలరేటర్ తొక్కే ఉంచాను. దిగుదామని తలుపు తీస్తే దాని కింది అంచు ఇసుకను గీసుకుంటూ తెరుచుకుంది. అప్పటికే బండి పొట్ట ఇసుక మీద కూర్చుని ఉంది. చక్రాల కింద నుంచి ఒక పార ఇసుక తీస్తే పక్క నుంచి అంత ఇసుకా నీళ్లలా జారి మళ్లీ నిండేది. ఆ నాలుగైదు క్షణాల తొందర ఖరీదు రెండు గంటల తవ్వకం, అది కూడా నాతోపాటు గుంపు మొత్తం భరించింది. అందుకే బయలుదేరేముందు నాయకత్వం వహించేవారు అందరినీ ఒకచోట నిలబెట్టి, ఎవరు వెనక్కి తగ్గినా అది సరైన పనేనని, ప్రతి దిబ్బకు రెండు మూడు ప్రయత్నాలు మామూలేనని నోటితో చెప్పాలి. తాడు, పార, పలకలు ఎన్ని ఉన్నా ఈ మాట చేసే మేలు అవి చేయవు.

దిబ్బ ఆకారం కూడా తెలుసుకోండి. గాలి వచ్చి తగిలే వైపు వాలు తక్కువగా, ఇసుక గట్టిగా కుదుటపడి ఉంటుంది. అవతలి వైపు ఇసుక సుమారు 32 నుంచి 34 డిగ్రీల ఏటవాలులో, ముట్టుకుంటే జారేటట్టు నిలిచి ఉంటుంది. కాబట్టి వెళ్లేటప్పుడు సులువుగా ఎక్కిన దిబ్బలను తిరుగుదారిలో అవతలి వైపు నుంచి ఎక్కలేకపోవచ్చు. తిరిగి వచ్చే దారిని ముందే వేరుగా ఆలోచించుకోకపోతే సాయంత్రం వేళ చిక్కుల్లో పడతారు. ఎక్కినా దిగినా నిటారుగానే, వాలుకు అడ్డంగా మాత్రం ఎప్పుడూ వద్దు. దిగేటప్పుడు వెనుక భాగం పక్కకు జారితే బ్రేకు తొక్కకుండా ముందు చక్రాలను కిందివైపుకు తిప్పి కొద్దిగా యాక్సిలరేటర్ ఇస్తే బండి తిన్నబడుతుంది. దిబ్బ అంచు చేరకముందే వేగం తగ్గించుకోవాలి, ఎందుకంటే అవతల ఏముందో మీకు కనిపించదు. అనుమానంగా ఉంటే ఒకరు దిగి నడిచి వెళ్లి చూసిరావడం సిగ్గుపడే పని కాదు. ఎక్కలేక మధ్యలో ఆగితే బండిని మలపడానికి ప్రయత్నించకుండా, క్లచ్ తొక్కకుండా, రివర్సు గేరులోనే తిన్నగా కిందికి రావాలి.

వరుస విషయానికి వస్తే, ముందు బండి బాగా అనుభవమున్నవారిది, చివరి బండి దిగబడినవారిని తీయగలిగినది, సామగ్రి ఉన్నది కావాలి. లో రేంజ్ లేని రెండు బండ్లను, కొత్తవారిని నడుమ ఉంచండి. ఇద్దరు కొత్తవారు ఒకరి వెనుక ఒకరు కాకుండా మధ్యలో ఒక అనుభవశాలి ఉంటే మేలు. ప్రతి ఒక్కరూ తమ వెనుక బండి అద్దంలో కనిపిస్తోందా అని చూసుకోవాలి. దిబ్బ మీదికి ఒక్కొక్క బండే వెళ్లాలి, అవతల దిగినవారు వాకీటాకీలో ‘దాటాను’ అని చెప్పాకే తరువాతి బండి కదలాలి. ప్రతి బండికి పొడవాటి కర్రకు కట్టిన జెండా ఉంటే దిబ్బ చాటున ఉన్నవారు ముందే కనిపిస్తారు.

మరొక సభ్యురాలి మాట

పై వివరణకు ఒక్క చేర్పు. ఇప్పటి బండ్లలో ట్రాక్షన్ కంట్రోల్, స్టెబిలిటీ కంట్రోల్ ఇసుకలో చక్రం కాస్త జారగానే ఇంజను శక్తిని కత్తిరించేస్తాయి, దాంతో సరిగ్గా ఊపు కావలసిన చోటే బండి చతికిలబడుతుంది. దిబ్బల్లోకి వెళ్లేముందు వాటిని ఆపివేయండి. చాలా బండ్లలో ఇంజను ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే అవి తమంతట తామే తిరిగి పని మొదలుపెడతాయి కనుక, ఆగిన ప్రతిసారీ మళ్లీ చూసుకోవాలి. లో రేంజ్ లేని రెండు బండ్లవారు ఇంజను, గేర్‌బాక్స్ వేడిమి మీద ప్రత్యేకంగా కన్ను వేసి ఉంచాలి. ఆటోమేటిక్ అయితే చేతితో తక్కువ గేరు ఎంచుకుని పట్టి ఉంచండి, వేడి హెచ్చరిక వస్తే ఇంకొక్క దిబ్బ అనుకోకుండా ఆగండి.

ప్రశ్న అడిగినవారి అనుబంధ ప్రశ్న

ఇద్దరికీ ధన్యవాదాలు. రివర్సులోనూ రాకపోతే తాడుతో లాగాలి కదా. మా ఒక బండి వెనుక ట్రైలరు తగిలించే టో బాల్ ఉంది, తాడును దానికి తగిలించవచ్చా?

సమాధానం

వద్దు, ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఆ గుండు ట్రైలరు బరువును నిదానంగా లాగడానికి చేసినది, కుదుపుతో లాగడానికి కాదు. అది విరిగి తుపాకీ గుండులా ఎగిరి మనుషుల ప్రాణాలు తీసిన సంఘటనలు ఉన్నాయి. ఛాసీకి బిగించిన, ఈ పని కోసమే తయారైన కొక్కేలకే తాడు తగిలించాలి. బండిని లారీ మీద కట్టడానికి ఇచ్చే చిన్న రింగులు కూడా పనికిరావు. కుదుపుతో లాగడానికి సాగే స్నాచ్ స్ట్రాప్ మాత్రమే వాడండి, గొలుసు గానీ సాగని తాడు గానీ వాడకండి. రెండు స్ట్రాప్‌లను ఇనుప షాకిల్‌తో (బిగించే కడియంతో) కలపకండి. లాగేటప్పుడు డ్రైవర్లు తప్ప అందరూ బండ్లు దిగి, స్ట్రాప్ పొడవుకు ఒకటిన్నర రెట్లు దూరంగా, తాడు వరుసలో కాకుండా పక్కకు నిలబడాలి. సైగ చేసే మనిషి ఒక్కరే ఉండాలి.

అయితే తాడు చివరి ఉపాయం. ముందు దిగి, చక్రాలు మాత్రమే దిగబడ్డాయా, పొట్ట కూడా ఆనిందా చూడండి. పొట్ట కింద, చక్రాల ముందు ఇసుకను వాలుగా తీసి, గాలిని 12కి దించి, చక్రాల కింద ట్రాక్షన్ పలకలు (చక్రానికి పట్టు ఇచ్చే పలకలు) పెట్టి నిదానంగా కదిపితే చాలాసార్లు బండి దానంతటదే వచ్చేస్తుంది. కదిపేముందు కిటికీలోంచి తల బయట పెట్టి ముందు చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో చూసుకోండి. మెత్తని ఇసుకలో అవి పక్కకు తిరిగి ఉన్నా స్టీరింగు పట్టుకున్న చేతికి తెలియదు. జాకీ వాడవలసి వస్తే దాని కింద వెడల్పాటి చెక్క వేయండి, లేకుంటే బండి లేవదు, జాకీయే దిగిపోతుంది.

నీటి అంచు భాగానికి పాటు సమయం, అంటే నీరు పూర్తిగా వెనక్కి తగ్గిన వేళకు రెండు గంటలు అటూ ఇటూ అనువైనది. పోటుకూ పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది, కనుక నిన్నటి వేళకంటే ఈ రోజు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్యకు, పౌర్ణమికి పోటు ఇంకా పైదాకా వస్తుంది. మీరు వెళ్లే రోజు పట్టిక చూసి, తీరం భాగం ఉదయమా మధ్యాహ్నమా అన్నది దాన్నిబట్టే నిర్ణయించండి. వాగులు సముద్రంలో కలిసేచోట పైకి గట్టిగా కనిపించే తడి ఇసుక కింద మెత్తగా ఉంటుంది, దిగి కాలితో తొక్కి చూశాకే బండి పోనివ్వండి. అక్కడ దిగబడితే విశ్రాంతి, ఫోటోలు అన్నీ పక్కనపెట్టి ముందు ఆ బండిని తీయాలి, నీరు ఎవరి కోసమూ ఆగదు.

గడ్డి, పాకే తీగలు ఉన్న దిబ్బల మీదికి మాత్రం దయచేసి ఎక్కించకండి. ఆ వేళ్లే ఇసుకను పట్టి ఉంచుతున్నాయి. అవి తెగితే గాలి ఆ చోటునే తొలుచుకుపోతుంది. తాబేళ్లు గుడ్లు పెట్టే కాలమైతే పై తీరంలో చక్రాల లోతైన జాడలు వదలకూడదు, పిల్లలు వాటిలో పడి సముద్రం చేరలేవు.

రోడ్డెక్కేముందు గాలి తిరిగి నింపుకోండి, అందుకు ఆరు బండ్లకు కనీసం రెండు కంప్రెసర్లు ఉంటే సమయం కలిసివస్తుంది. ఇంటికి చేరాక ఉప్పు పోయేలా బండి అడుగుభాగాన్ని, బ్రేకులను మంచినీటితో ఓపికగా కడగండి. రిమ్ముల లోపల పేరుకున్న ఇసుకను మాత్రం రోడ్డెక్కేముందే చేత్తో గీకి తీసేయండి, లేకపోతే వేగం పెరగగానే స్టీరింగు వణుకుతుంది.