నల్లబెల్లి కాడ మా తోటకు గెస్టులు వస్తాండ్రు, నాలుగు రోజులు ఎటెటు పంపాలె?

మామిడితోట_నల్లబెల్లి:
అందరికి నమస్తే. మాది నల్లబెల్లి దగ్గర పల్లెటూరు, మామిడితోటల రెండు రూములు కట్టి సిటీ నుంచి వచ్చేటోళ్లకు ఇస్తానం. డిసెంబర్ ఆఖరు వారంల హైదరాబాద్ ఫ్యామిలీ ఒకటి నాలుగు రోజులకు వస్తాంది, భార్యాభర్తలు, బడికి పోయే ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న ఒక పెద్దమ్మ. చుట్టుపక్కల ఏమేం చూడొచ్చో రాసి పంపమన్నరు. రామప్ప గుడి, లక్నవరం చెరువు, పాకాల చెరువు, వేయి స్తంభాల గుడి, వరంగల్ కోట, మేడారం అన్నీ రాసిన గని చూస్కుంటే నాకే భయమైతాంది, ఇవన్నీ తిరిగితే వాళ్లు పొద్దంత కార్లనే ఉంటరు, తోటల కూసునేదెప్పుడు, పిల్లలు బావి కాడ ఆడుకునేదెప్పుడు. పైంగ బొగత జలపాతం వీడియో చూసిండ్రట, దానికి పోవాల్సిందేనని పిల్లలు పట్టు పడ్తాండ్రట. తిరిగిన అనుభవం ఉన్నోళ్లు ఏది ఉంచాలె, ఏది తీసెయ్యాలె కొంచెం చెప్పండి.

ములుగురోడ్డు_డ్రైవర్:
అన్నా, ముందుగాల బొగత సంగతి. ఏటూరునాగారం దాటి గోదావరి బ్రిడ్జి ఎక్కి అవతలికి పోవాలె, వాజేడు మండలం అది, మీ కాడికెళ్లి పోయిరావాలంటే పొద్దంత దానికే పోతది. వాళ్లు చూసిన వీడియో వానకాలంది అయ్యుంటది. జులై నుంచి సెప్టెంబర్ దాక అది నిండుగ దుంకుతది, డిసెంబర్ ఆఖరుకు నీళ్లు సన్నబడ్తయి. పిల్లలు అంతదూరం ఆశతోని పోయి మొఖం చిన్నగ చేసుకుంటరు, గందుకే ముందే చెప్పుండ్రి, వానకాలం మళ్లొకసారి రమ్మనుండ్రి.

రామప్ప మాత్రం ఇడవొద్దు. మీకు వరంగల్ పోయే పనే లేదు, నల్లబెల్లి నుంచి మల్లంపల్లి, ములుగు, జంగాలపల్లి క్రాస్ కాడ ఎడమకు తిరిగితే పాలంపేట. పొద్దున ఏడింటికే బయలెల్లి తొందరగ చేరుకోవాలె, అప్పుడు ఎండ వాలుగ పడి ఎర్రరాయి మస్తు అందంగ కనపడ్తది, టూరిస్టు బస్సులు కూడ అప్పటికింక రావు. గుడి చూసినంక పక్కనే రామప్ప చెరువు కట్ట మీద ఇంటికాడికెళ్లి తెచ్చుకున్న టిఫిన్ తినుండ్రి. ఆడికెళ్లి గణపురం కోటగుళ్లు దగ్గర్నే, జనం తక్కువ, ఓపికుంటే పోవచ్చు లేకుంటే లేదు. మధ్యాహ్నం బువ్వ యాళ్లకు తోటల ఉంటరు.

రామప్ప, లక్నవరం ఒక్కరోజే పెట్టేటోళ్లు చానమంది, నేను ఒప్పుకోను. రామప్పల గంట కూడ నిలవడనియ్యకుంట బోటింగ్ టైమైతాందని ఉరికిస్తరు.

బడిపంతులు_హన్మకొండ:
డ్రైవర్ తమ్ముడు చెప్పినదానికి నా వంతు కొంచెం కలుపుతా. పిల్లలున్నారు కాబట్టి రామప్పను ఊరికే గుడి అని చూపించి తీసుకురాకండి. 1213లో కట్టిన గుడి అది, కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. కానీ పిల్లలకు సంవత్సరాలు గుర్తుండవు, ఇంజనీరింగ్ గుర్తుంటుంది. పునాది కింద గుంత తవ్వి ఇసుక నింపి దానిమీద గుడి నిలబెట్టారు, భూమి కదిలినా ఆ అదురును ఇసుక చాలావరకు మింగేస్తుందని. పైన శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు, కింద రాతి స్తంభాల మీద బరువు తగ్గడానికి. కింద ఇసుక, పైన తేలే ఇటుక, ఈ రెండూ ముందే చెప్పి తీసుకెళ్తే వాళ్లు గుడి చుట్టూ తిరుగుతూ వాళ్లంతట వాళ్లే ప్రశ్నలు అడుగుతారు, మా బడి పిల్లలతో ప్రతిసారీ ఇదే చూశాను.

గుడి బయట చూరు కింద మదనికలు అనే నల్లరాతి స్త్రీ శిల్పాలు ఉంటాయి, మెడలో హారం నీడ కూడా రాతిలోనే చెక్కినట్టు ఉంటుంది, దగ్గర నిలబడి చూడాలి. లోపల నాట్య భంగిమలు చూపించండి, నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు కాకతీయుల కాలం నాటి పేరిణి నృత్యాన్ని తిరిగి నిలబెట్టినప్పుడు ఈ శిల్పాలనే ఆధారం చేసుకున్నారు. అక్కడ గైడు ఉంటే తప్పకుండా మాట్లాడుకోండి, ఆ డబ్బు వృథా కాదు.

ఇంకొకటి, గుడీ చెరువూ రెండూ కలిపి చూపించండి. కాకతీయులు గుడి కట్టిన చోట చెరువు తవ్వించారు, ఆ చెరువు కింద ఇవాళ్టికీ పొలాలు పారుతున్నాయి. కట్ట మీద నిలబడి ఒకవైపు నీళ్లు, ఒకవైపు పచ్చటి మడులు చూపిస్తే ఎనిమిది వందల ఏళ్ల చరిత్ర పాఠం అక్కడే అయిపోతుంది.

పాకాలకట్ట_మీద:
అందరు రామప్ప, లక్నవరం అంటాండ్రు గని మీ ఇంటి పక్కన పాకాల పెట్టుకోని దాన్ని ఎందుకు కిందికి నూకుతాండ్రో నాకు అర్థమైతలేదు!! లక్నవరంల ఊగే బ్రిడ్జిలు, బోట్లు ఉన్నయి, పిల్లలకు ఖుషీ ఐతది, కాదంటలేను, కాని డిసెంబర్ ఆఖరు వారం అంటే సెలవులు, బ్రిడ్జి మీద మనిషి మీద మనిషి ఉంటడు, ఫోటోకు కూడ లైన్ కట్టాలె. పోతే వారం నడుమ పొద్దుగాల్నే పోవాలె.

పాకాల కూడ గణపతిదేవుని కాలంలదే, చుట్టూ అడవి, గుట్టలు, మున్నేరు ఏరు పుట్టేది ఈడికెళ్లే. చలికాలం నీళ్ల మీద పక్షులు దిగుతయి. తెల్లారకముందే లేపి తీసుకపోండి, మంచు లేస్తుంటే కట్ట మీద నడిపియ్యండి, ఆ పెద్దమ్మకు ఒక కుర్చీ కారుల ఏసుకపోండి, ఆమె ఎక్కేది దిగేది ఏం లేదు, హాయిగ కూసోని చూస్తది. తినుడుకు మాత్రం ఆడ దొరుకుతదని నమ్మొద్దు, చాయ ఫ్లాస్కుల పోసుకోండి, సర్వప్ప (సర్వపిండి), ఉడకబెట్టిన పల్లికాయ కట్టుకోండి. ప్లాస్టిక్ కవర్లు మళ్ల సంచిల ఏసుకోని ఇంటికే తేవాలె, అడవి అది, పశువులు తింటయి. పిల్లలకు ఈ మాట గట్టిగ చెప్పండి.

హన్మకొండ_కోడలు:
పెద్దమ్మ మోకాళ్ల గురించి ఎవరూ సరిగ్గ చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్న. మా అత్తమ్మకు కూడ ఇదే బాధ. రామప్పల అరుగు ఎత్తుగ ఉంటది, ఆ మెట్లు ఆమెను ఎక్కియ్యకండి, బయట లాన్‌ల చెట్టు కింద కూసోబెట్టినా గుడి మొత్తం కనిపిస్తది. వరంగల్ రోజు మాత్రం ఆమె కోసమే పెట్టండి. భద్రకాళి అమ్మవారి దర్శనం పొద్దున చేసుకుంటే గుడి పక్కనే చెరువు, ఆమె మనసు నిండుతది. వేయి స్తంభాల గుడి 1163ల కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించింది, మరమ్మతుకని విప్పి పెట్టిన కల్యాణ మండపం 2024 శివరాత్రికి మళ్ల తెరిచిండ్రు, ఇంతకుముందు చూసినోళ్లు కూడ మళ్ల చూడాలె. సాయంత్రం కోటకు పోండి, కీర్తి తోరణాల కాడ నేల సాఫ్‌గ ఉంటది, పెద్దోళ్లకు ఇబ్బంది ఉండదు.

ఇంక కొనుక్కునేది ఏదన్న అడుగుతే షోరూంలకు తీసుకపోకండి, కొత్తవాడకు తీసుకపోండి, మగ్గాల మీద జంపఖానాలు నేస్తుంటే చూసి అక్కడే కొనుక్కుంటరు, 2018ల జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది వరంగల్ జంపఖానాలకు. నేసేటోళ్లు తగ్గిపోతున్నరు, ఒక్క జంపఖానా అక్కడ కొన్నా ఆ ఇంటికి ఆసరా. తిరిగి హైదరాబాద్ పోయేటప్పుడు జనగామ దగ్గర పెంబర్తి రోడ్డు మీదనే ఉంటది, ఇత్తడి రేకు మీద సుత్తెతోటి బొమ్మలు తీసుడు పిల్లలకు చూపియ్యొచ్చు, దానికి వేరే రోజు అవసరం లేదు.

మామిడితోట_నల్లబెల్లి:
అందరికి మస్తు థ్యాంక్స్, అక్కా మీరు పెద్దమ్మ గురించి రాసింది నేను అసలు ఆలోచించలేదు. అయితే ఒక పొద్దు రామప్ప, ఒక రోజు వరంగల్, ఒక తెల్లారి పాకాల, మిగిలిందంత తోటల్నే. బొగత లేదని ఇవ్వాల్నే ఫోన్ చేసి చెప్త. ఇంక రెండు అడుగుత. మేడారం పెట్టాల్నా వద్దా? తోటల ఉన్న రోజు పిల్లలకు ఏం చూపియ్యాలె?

ములుగురోడ్డు_డ్రైవర్:
మేడారం వాళ్లకు మొక్కుంటేనే పెట్టుండ్రి అన్నా, చూసొద్దామని పోయే జాగ కాదు అది. జాతర రెండేండ్లకోసారి మాఘమాసంల, మిగతా రోజులల్ల గద్దెలు ప్రశాంతంగ ఉంటయి, బెల్లం పట్టుకోని పోయి సమ్మక్క సారలమ్మలకు పెట్టి దండం పెట్టుకోని రావచ్చు. కాని జాతర ఉన్న ఏడాదైతే ముందుగాల్నే జనం మొదలైతరు, ఆదివారం అస్సలు పోవద్దు.

పాకాలకట్ట_మీద:
పిల్లలను చేన్ల పొంటి తిప్పండి. డిసెంబర్ల పత్తి ఏరుతుంటరు, ఒడిల నింపుడు వాళ్లను కూడ చెయ్యనియ్యండి. మిర్చి తోటల్ల కాయ పట్టి ఉంటది, చపాట మిర్చి చూపియ్యండి, టమాట లెక్క బొద్దుగ, రంగు ఎక్కువ కారం తక్కువ, 2025ల దానికి కూడ జీఐ వచ్చింది. కల్లాల మీద ఎర్రగ ఎండబోసుడు చూడాలంటే మాత్రం ఫిబ్రవరి, మార్చిల రావాలె, వచ్చే గెస్టులకు ఆ సంగతి ముందే చెప్పండి.

హన్మకొండ_కోడలు:
సంక్రాంతి పండుగ దగ్గరికొస్తది కదా, మీ ఇంట్ల సకినాలు ముందుగాల్నే, వాళ్లున్నప్పుడు ఒకరోజు పెట్టుకోండి. పెద్దమ్మను పిలిచి బట్ట మీద నాలుగు సుట్లు సుట్టమనండి, మోకాళ్లకు కుర్చీ, ముందట బల్ల ఏస్తే చాలు.