సల్ఫైట్ కలపని రెడ్ వైన్‌లో కొట్టం వాసన: గుణమా, దోషమా?

పొగమంచు: ఆదివారం ఇంట్లో ఒక రెడ్ తెరిచాం. కాలిఫోర్నియా తీరంలో పెటలూమా గ్యాప్ తోటది, సిరా, పినో నువార్ అనే ద్రాక్ష రకాలు కలిపి చేశారు. బయటి ఈస్ట్ వెయ్యలేదు, వడకట్టలేదు, పాడవకుండా వేసే సల్ఫైట్ కలపలేదు అని సీసా మీదే ఉంది. గ్లాసులో మసగ్గా ఉంది. మొదటి గుక్కకి దానిమ్మ పులుపు, వెనకాలే మిరియాల ఘాటు, పది నిమిషాలయ్యాక పశువుల కొట్టం వాసన. నాకు నచ్చింది. మా బావగారు మాత్రం వాసన చూసి "పాడైపోయింది, వాపసు ఇచ్చెయ్" అన్నారు. మీరేమంటారు?

ల్యాబ్‌రావు: మీ బావగారిదే కరెక్ట్. అది చాలావరకు బ్రెట్టనోమైసిస్ (బ్రెట్) అనే ఈస్ట్ పని. కాస్త సల్ఫైట్ వేసుంటే అదుపులో ఉండేది. అసలు "సల్ఫైట్ కలపలేదు" అంటే "సల్ఫైట్ లేదు" అని కాదండీ, పులిసేటప్పుడు ఈస్టే కొంత తయారు చేస్తుంది. ఇక ఇలాంటివాటికి వాడే "సహజ వైన్" అన్న మాటకి అమెరికా చట్టంలో నిర్వచనమే లేదు, ఎవడైనా వాడుకోవచ్చు.

చిట్టిబాబు77: సీసా ఎంత పడింది బ్రో?

పొగమంచు: 42 డాలర్లు. రావు గారూ, ఫ్రాన్స్‌లో 2020 నుంచి ఒక పద్ధతి ఉంది. సేంద్రియ ద్రాక్ష, చేత్తో కోత, తోట ఈస్టే, సల్ఫైట్ లీటరుకి 30 మిల్లీగ్రాముల లోపు. అంటే నిర్వచనం కుదరదని కాదు. పైగా ఈ తోట సంగతి వేరు. కొండల మధ్య సందులోంచి సముద్రపు గాలి, పొగమంచు లోపలికొస్తాయి, కాయ నిదానంగా పండుతుంది, పులుపు నిలుస్తుంది. పులుపున్న రసంలో బ్యాక్టీరియా అంత తేలిగ్గా పెరగదు కాబట్టి సల్ఫైట్ లేకుండా చెయ్యడానికి కొంత వీలుంటుంది. సిరాలో మిరియాల ఘాటు కూడా చల్లదనం వల్లే.

ల్యాబ్‌రావు: బ్యాక్టీరియా సరే, నేను చెప్పింది బ్రెట్ గురించి. అది పులుపుకి జంకదు. పోయినేడు నేనూ ఇలాంటిదే 38 డాలర్లు పెట్టి కొన్నాను. ముక్కుకి ఏమీ తెలీదు. మింగాక, నోటి తడికి పులుపు తగ్గి, ఎలుకలు తిరిగిన బియ్యం బస్తా వాసన పైకొచ్చింది. షాపుకి తీసుకెళ్తే అక్కడి కుర్రాడు నవ్వి "ఇది దీని స్టైల్ సార్" అన్నాడు. డబ్బులివ్వలేదు.

సుజాత_ఫ్రీమాంట్: ఎలుక వాసన కొంతమందికి అసలు తెలీదట. మా ఇంట్లో నాకొక్కదానికే తెలుస్తుంది.

ఈతచెట్టు: ఇందాకటి నుంచి చూస్తున్నా, మీరిద్దరూ మాట్లాడేది కల్లు గురించే. మా నాయన మోకు కట్టి తాడెక్కేవాడు. లొట్టిలో ఈస్ట్ ఎవరూ వెయ్యరు. పొద్దున తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి పులుస్తది. ఆ వాసన నా చొక్కాకి ఉందని బడిలో పక్కన కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. ఇప్పుడు అదే మసక, అదే పులుపు, కాడ గ్లాసులో పోస్తే 42 డాలర్లు.

ల్యాబ్‌రావు: పోలిక కుదరదు. కల్లు ఆ రోజే తాగేస్తారు, ఇది సీసాలో ఏళ్ళుండాలి. అయినా కల్లులో ఏమేం కలుపుతారో తెలియనిదా.

ఈతచెట్టు: కలిపేది దుకాణపోడు, చెట్టెక్కేటోడు కాదు. ఆ మాట వెనక్కి తీసుకోండి.

చిట్టిబాబు77: అయిపోయింది, ఇక వైన్ గురించి ఎవరూ మాట్లాడరు 😀

పొగమంచు: ఆగండి. నా బాధ కూడా వాసన కాదు. బావగారు పదిమందిలో "నీకు తాగడం కూడా రాదు" అన్నారు, అందుకే ఇక్కడికొచ్చి అడిగాను.

ల్యాబ్‌రావు: ఈతచెట్టు గారూ, మీ నాన్నగారిని అనలేదు, ఆ మాట తప్పే, తీసేసుకుంటున్నా. నా మంట ఆ షాపువాడి మీద. పాడైనదాన్ని స్టైల్ అని నా చేతిలో పెట్టి, పైగా నాకే పాఠం చెప్పాడు.

ఈతచెట్టు: అట్ల చెప్పండి మరి. మా నాయన చెడిపోయిన కల్లు కాలువలో పారబోసేటోడు. తాగేటోళ్ళ ముఖం రేపు మళ్ళీ చూడాలి కదా.

పొగమంచు: మిగిలిన సగం ఇప్పుడే మళ్ళీ పోశాను, మూడో రోజు. నాకు దానిమ్మే. మా ఆవిడ ఒక గుక్క మింగి, కాసేపాగి, "బియ్యం బస్తా" అంది, రావు గారి పోస్ట్ తను చూడలేదు. బావగారికి ఎవరూ చెప్పకండి.